గేటు బయట మే డే

మే ఒకటో తేదీన సికింద్రాబాద్‌లో జెండాలు పొద్దున్నే ఎగురుతాయి. ఎండ ముదిరితే మైకు ముందు నిలబడటం కష్టం కాబట్టి తొమ్మిది గంటలు దాటకముందే చాలాచోట్ల కార్యక్రమం అయిపోతుంది. చిలకలగూడ, మెట్టుగూడ, లాలాగూడల్లో రైల్వే సంఘాలవాళ్లు, బస్సు డిపోల దగ్గర డ్రైవర్లు, కండక్టర్లు, మార్కెట్లలో హమాలీలు, యూనియన్ పేరు రాసిన ఇనప స్తంభం చుట్టూ చేరిన ఆటోవాళ్లు. ముందురోజు రాత్రే స్తంభానికి రంగు పూసి తోరణాలు కడతారు. సంఘంలో అందరికంటే పెద్దాయన చేత జెండా ఎగరేయించడం చాలాచోట్ల ఆనవాయితీ. అమరులకు జోహార్లు చెబుతారు. లడ్డూలు పంచుతారు, మజ్జిగ ఇస్తారు. డప్పు మీద ఒకటి రెండు పాటలు, ఆపైన ర్యాలీ. ప్రభుత్వం తన వంతుగా రవీంద్రభారతిలో సభ పెట్టి ‘శ్రమశక్తి’ అవార్డులు అందజేస్తుంది.

ఈ వేడుకను తక్కువ చేసి మాట్లాడాల్సిన పని లేదు. ఏడాదికి ఒక్కరోజైనా కార్మికుడి మెడలో దండ పడటం మంచిదే. కానీ ఆ స్తంభం చుట్టూ చేరినవాళ్లలో ఎక్కువమందికి ఉద్యోగ భద్రతో, సంఘం అండో, కనీసం ఒక గుర్తింపు కార్డో ఉంది. ఆ మూడింటిలో ఏదీ లేనివాళ్లు అదే పొద్దున, అదే ఊళ్లో, ఎప్పటిలాగే పనిలోకి దిగుతారు. వాళ్లకు ఆ రోజు మే డే అని చెప్పేవాళ్లే ఉండరు.

సికింద్రాబాద్ స్టేషన్‌నే తీసుకుందాం. వాడి జంక్షన్ నుంచి ఇక్కడికి రైలు మార్గం తెరిచింది 1874లో. నూట యాభై ఏళ్లు నిలిచిన ఆ ఆవరణను సుమారు రూ. 700 కోట్లతో కొత్తగా కట్టే పనికి 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. 2025లో పాత భవనాన్ని కూల్చేశారు. ఊరివాళ్లు ఫొటోలు తీసుకున్నారు, చిన్ననాటి జ్ఞాపకాలు తలుచుకున్నారు. ఆ భవనం మీద పెట్టిన మనసులో పిసరంతైనా, దాని స్థానంలో కొత్తది లేపుతున్న కుర్రాళ్ల మీద పెట్టామా? పసుపుపచ్చ హెల్మెట్లతో సెంట్రింగ్ పలకలు మోసే ఆ కుర్రాళ్ల నోట తెలుగు తక్కువగా వినిపిస్తుంది. వాళ్లను తెచ్చింది మేస్త్రీ, మేస్త్రీకి పని ఇచ్చింది సబ్ కాంట్రాక్టర్, అతనికిచ్చింది పెద్ద కాంట్రాక్టర్. ఈ వరసలో రైల్వే ఎక్కడో చివర ఉంటుంది. పక్కనే జెండా ఎగరేసే రైల్వే సంఘానికి వాళ్లు సభ్యులు కారు.

స్టేషన్‌కు కూతవేటు దూరంలోనే బోయిగూడ. 2022 మార్చి 23 తెల్లవారుజామున అక్కడి తుక్కు గోదాంలో మంటలు లేచాయి. కింద పాత సీసాలు, కాగితాలు, ప్లాస్టిక్, వైర్ల గుట్టలు. పైన పనివాళ్ల నిద్ర. కిందికి దిగడానికి ఉన్నది గుండ్రంగా తిరిగే ఒకే ఇనప మెట్ల దారి, అది మంటల్లోకే దిగుతుంది. 11 మంది చనిపోయారు. అందరూ బిహార్ నుంచి వచ్చినవాళ్లే. ఒక్కడు పైనుంచి దూకి ప్రాణాలు దక్కించుకున్నాడు. తెలంగాణ ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి రూ. 5 లక్షలు, కేంద్రం రూ. 2 లక్షలు ప్రకటించాయి. శవాలను విమానంలో పట్నా పంపారు.

ఏడాది తిరక్కుండానే, 2023 మార్చి 16న, ఇదే ఊళ్లో స్వప్నలోక్ కాంప్లెక్స్ అంటుకుంది. అక్కడ చనిపోయిన ఆరుగురూ ఇరవై దాటి నిండా నాలుగైదేళ్లు లేని పిల్లలు. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు ఊళ్ల నుంచి వచ్చి అయిదో అంతస్తులోని ఒక మార్కెటింగ్ ఆఫీసులో పనిచేస్తున్నారు. పొగ కమ్ముకుంటుంటే ఒక గదిలో చేరి ఇళ్లకు ఫోన్లు చేశారు. ఊపిరాడక పోయారు.

రెండు చోట్లా చనిపోయినవాళ్లు కార్మికులే. ఒకరిది తుక్కు ఏరే పని, మరొకరిది ఫోన్లు మాట్లాడే పని. ఏ సంఘం రిజిస్టర్‌లోనూ వాళ్ల పేర్లు లేవు. బోయిగూడ గోదాంలో ఒక సంఘం ఉండి ఉంటే, ‘మంట అంటుకుంటే ఎటు దిగాలి?’ అని అడిగేవాడు ఒకడైనా ఉండేవాడు. సంఘం చేసే మొదటి పని అదే. జీతం పెంచమనడం ఆ తర్వాతి సంగతి.

మే డే కథను తెలుగునాట వేల సభల్లో చెప్పారు. ఎనిమిది గంటల పని కోసం షికాగో కార్మికులు రక్తం చిందించారని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ కథలో తరచూ జారిపోయే ముక్క ఒకటుంది. ఆ కార్మికులు ఎవరు? 1886 మే 1న అమెరికా అంతటా మూడు లక్షల మందికి పైగా పనులు ఆపి వీధుల్లోకి వచ్చారని అంచనా. మే 3న షికాగోలో మెక్‌కార్మిక్ కోతయంత్రాల ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు సమ్మెకారుల మీద కాల్పులు జరిపారు. దానికి నిరసనగా మర్నాడు సాయంత్రం హేమార్కెట్ కూడలిలో సభ. ఆ సభకు పిలుస్తూ వేసిన కరపత్రం రెండు భాషల్లో ఉంది, ఇంగ్లిష్‌లోనూ జర్మన్‌లోనూ. ఎందుకంటే షికాగో ఫ్యాక్టరీల్లో జర్మన్ మాట్లాడేవాళ్లు అంతమంది ఉన్నారు. నగర మేయర్ కార్టర్ హారిసన్ స్వయంగా వచ్చి కాసేపు విని, సభ ప్రశాంతంగానే ఉందని పోలీసులకు చెప్పి ఇంటికెళ్లాడు. ఆయన వెళ్లాక, జనం పలచబడ్డాక, పోలీసులు కదం తొక్కుతూ వచ్చి వెళ్లిపొమ్మన్నారు. ఎవరో బాంబు విసిరారు. విసిరిందెవరో ఈనాటికీ తేలలేదు.

బోనెక్కింది మాత్రం ఎనిమిది మంది. వాళ్లలో ఆరుగురు వేరే దేశాల్లో పుట్టి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. అడాల్ఫ్ ఫిషర్ అచ్చు కూర్చే కార్మికుడు, లూయీ లింగ్ వడ్రంగి, మైకేల్ ష్వాబ్ పుస్తకాలకు అట్టలు కట్టేవాడు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన శామ్యూల్ ఫీల్డెన్ బండి మీద రాళ్లు తోలేవాడు. జార్జ్ ఎంగెల్ చిన్న బొమ్మల దుకాణం నడిపేవాడు. ఆగస్ట్ స్పైస్ జర్మన్ భాషలో కార్మిక పత్రికకు సంపాదకుడు. 1887 నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు. స్పైస్, ఫిషర్, ఎంగెల్, ఈ ముగ్గురూ జర్మనీలో పుట్టినవాళ్లు. నాలుగో మనిషి ఆల్బర్ట్ పార్సన్స్ అమెరికాలోనే పుట్టినవాడు. అజ్ఞాతంలో ఉన్నవాడు తనంతట తాను కోర్టుకు వచ్చి తోటివాళ్ల పక్కన కూర్చున్నాడు. లింగ్ అంతకు ముందురోజే జైలు గదిలో ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ముగ్గురిని 1893లో విడుదల చేస్తూ, విచారణ న్యాయంగా జరగలేదని గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ రాశాడు. ఆయనా జర్మనీలో పుట్టి వచ్చినవాడే.

అప్పటి షికాగో పత్రికలు ఆ మనుషుల్ని ఎలా తిట్టిపోశాయో చదివితే ఇవాళ మన వీధుల్లో ‘బయటివాళ్లు’ అనే మాట వినబడే తీరు గుర్తుకొస్తుంది. మన పని తన్నుకుపోతున్నారు, ఊళ్లో నేరాలకు వాళ్లే కారణం, మన భాష రాదు, మన పద్ధతులు తెలియవు. ఈ మాటలన్నీ షికాగోలో ఎప్పుడో అనేశారు. ఎవరి గురించైతే అన్నారో వాళ్ల పేరు మీదే నేడు ప్రపంచం సెలవు పాటిస్తోంది. 1889లో పారిస్‌లో సమావేశమైన సోషలిస్టుల అంతర్జాతీయ మహాసభ మరుసటి ఏడాది మే 1న అన్ని దేశాల్లో ఒకేసారి ప్రదర్శనలు జరపాలని తీర్మానించింది. అమెరికా ప్రభుత్వం మాత్రం ఆ తేదీకి దూరంగా జరిగి, 1894లో సెప్టెంబర్ మొదటి సోమవారాన్ని కార్మిక దినంగా ప్రకటించింది.

మన దేశంలో మొదటి మే డే 1923లో మద్రాసులో జరిగింది. మత్స్యకార కుటుంబంలో పుట్టిన న్యాయవాది సింగారవేలు చెట్టియార్ ఆ రోజు రెండు సభలు పెట్టించాడు. ఒకటి హైకోర్టు ఎదుటి తీరంలో, ఇంకొకటి ట్రిప్లికేన్ బీచిలో. లేబర్ కిసాన్ పార్టీ ఆఫ్ హిందూస్తాన్ పుట్టింది ఆ రోజే.

సికింద్రాబాద్‌కు మే డే చేరిన దారి రైలు దారి. ఈ ఊరే వలసల ఊరు. 1806లో సికిందర్ జా పేరున కంటోన్మెంట్ వెలిసింది, సైన్యం వెంట తమిళులు వచ్చారు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వచ్చాక ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, మరాఠీలు, ఉర్దూ మాట్లాడే హైదరాబాదీలు, తెలుగు పల్లెల నుంచి వచ్చిన కూలీలు పట్టాల వెంబడి క్వార్టర్లలో చేరారు. 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టారు. ఇన్ని భాషలవాళ్లు ఒకే కప్పు కింద పనిచేసే చోటు నిజాం రాజ్యంలో అప్పటికి అరుదు. ఇక్కడి కార్మికోద్యమం తొలినాళ్ల నుంచీ పలు భాషలది కావడానికి కారణం ఇదే. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే కొలువు వదిలేసి కార్మికుల్లోకి వచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి. ఆయనకు కుడిభుజంలా నిలిచిన రాజ్ బహదూర్ గౌర్ వైద్యం చదివినవాడు. రైల్వేలో, సిగరెట్ ఫ్యాక్టరీలో, బట్టల మిల్లులో సంఘాలు కట్టి, 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ దాకా తీసుకొచ్చారు. ఉర్దూ కవి మాట తెలుగు కార్మికుడికి అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పాలని ఆయన అనుకున్నాడు కాబట్టే అర్థమైంది. ఇవాళ హిందీ, ఒడియా, భోజ్‌పురి మాట్లాడే కూలీ దగ్గరికి వెళ్లడానికి భాష అడ్డం అనేవాళ్లు మఖ్దూం వారసత్వం గురించి ఒక్కసారి ఆలోచించాలి.

రైల్వే కార్మికులు ఎనిమిది గంటల కోసం ఎంత పోరాడారో చెప్పడానికి 1974 ఒక్కటి చాలు. అప్పటికి ఇంజిన్ డ్రైవర్లు, ఫైర్‌మన్లు ఒకసారి డ్యూటీ ఎక్కితే ఎప్పుడు దిగుతారో తెలియని పరిస్థితి. సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా పది గంటలకు మించనివ్వబోమని 1973 ఆగస్టులో కేంద్రం మాటిచ్చింది. ఆ మాట నిలవలేదు. బోనస్, ఎనిమిది గంటల పనిదినం, ప్రభుత్వ రంగ సంస్థలతో సమానంగా వేతనాలు, క్యాజువల్ కూలీల క్రమబద్ధీకరణ కోరుతూ 1974 మే 8న సమ్మె మొదలైంది. దానికి ముందే, మే 2న, సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను లక్నోలో అరెస్టు చేశారు. దాదాపు 17 లక్షల మంది కదిలిన సమ్మె 20 రోజులు నడిచింది. దేశమంతటా వేలమందిని జైళ్లలో పెట్టారు, కుటుంబాలను క్వార్టర్ల నుంచి సామానుతో సహా బయటికి నెట్టారు. ఉద్యోగాలు పోయినవాళ్లు 1977లో ప్రభుత్వం మారాక గానీ తిరిగి చేరలేకపోయారు.

1974లో ఆ సమ్మె నడిచిన మే నెలలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన తెలుగువాడే, వి.వి. గిరి. 1920లలో అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యను నిలబెట్టినవాళ్లలో ముందు వరసలో ఉన్నవాడు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నవాడు. తాను పెంచిన సంఘాన్ని తాను అధిపతిగా ఉన్న రాజ్యం అణచివేస్తుంటే ఆ పెద్దాయన మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ సమ్మె డిమాండ్లలో ఒకదాని మీద దృష్టి పెట్టాలి. క్యాజువల్ కూలీల క్రమబద్ధీకరణ. పర్మినెంటు ఉద్యోగులు తమకోసం మాత్రమే అడగలేదు. పక్కనే రోజు కూలికి కంకర ఎత్తే మనిషినీ తమ జాబితాలో చేర్చుకున్నారు. సమ్మె ఓడినా ఆ కోరిక ఓడలేదు. తర్వాతి ఏళ్లలో లక్షల మంది క్యాజువల్ కూలీలు రైల్వే ఉద్యోగులయ్యారు. లాలాగూడ, మెట్టుగూడల్లో నేడు పింఛను తీసుకుంటున్న పెద్దలలో అలా వచ్చినవాళ్లున్నారు. గేటు బయటివాణ్ని లోపలికి తెచ్చుకున్న అనుభవం ఇక్కడి సంఘాలకు ఉంది. దాన్ని కొనసాగించకపోవడమే నేటి బాధ. నాటి క్యాజువల్ కూలీ స్థానంలోకి కాంట్రాక్టు కూలీ వచ్చాడు. స్టేషన్ ఊడ్చేవాడు, బోగీలు కడిగేవాడు, ఏసీ పెట్టెలో దుప్పట్లు పంచేవాడు, టాయిలెట్ దగ్గర కూర్చుని డబ్బులు తీసుకునేవాడు, అందరూ ఎవరో ఒక ఏజెన్సీ మనుషులే.

స్టేషన్ లోపల ఉంటూ కూడా గేటు బయటివాళ్లుగానే మిగిలిన మరో పాత జట్టు ఉంది. ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిళ్ల, తలమీద చుట్టిన తువ్వాలు. లైసెన్సు ఇచ్చేది రైల్వే, బిళ్ల మీద నంబరు వేసేది రైల్వే. జీతం మాత్రం రైల్వే ఇవ్వదు. ప్రయాణికుడు ఇచ్చిందే కూలి. 2016లో వాళ్ల పేరును ‘సహాయక్’ అని మార్చారు, పేరుతో పాటు జీతం రాలేదు. చక్రాల సూట్‌కేసులు, ఎస్కలేటర్లు, లిఫ్టులు వచ్చాక బరువు మోయించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఇవన్నీ ప్రయాణికుడికి సుఖమే, వద్దనలేం. కానీ బండి వచ్చి ఆగేలోపు ఏసీ బోగీ ఎక్కడ ఆగుతుందో అడుగు తేడా లేకుండా చెప్పగలిగిన ఆ మనిషి, రెండు పెట్టెలు నెత్తిన, ఒకటి భుజాన, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి వెనకే మెట్లెక్కే ఆ మనిషి, మోకాళ్లు అరిగాక ఎలా బతకాలి? దానికి సమాధానం రైల్వే దగ్గర లేదు. ఎక్కువ సంఘాల కోరికల పత్రంలోనూ కనబడదు.

ఎనిమిది గంటల మాట పాతబడిందనుకునేవాళ్లకు 2025 గుర్తుచేయాలి. ఆ ఏడాది జూలై 5న తెలంగాణ ప్రభుత్వం, దుకాణాలు మినహా, వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంటుంది, దాటితే ఓటీ కట్టాలి, ఆ ఓటీ కూడా మూడు నెలల్లో 144 గంటలు దాటకూడదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ఫ్యాక్టరీల్లో రోజు పరిమితిని తొమ్మిది నుంచి పది గంటలకు పెంచింది. వారం లెక్క మారలేదు కదా, నష్టమేమిటి అని పాలకుల వాదన. కాగితం మీద నష్టం లేదు. వారం లెక్క ఎవరు రాస్తారు అన్నదే ప్రశ్న. సంఘం ఉన్నచోట హాజరు పుస్తకం మీద ఇద్దరి కళ్లు ఉంటాయి. లేనిచోట ఒక్కరివే ఉంటాయి. స్వప్నలోక్‌లో పనిచేసిన ఆ పిల్లల లాంటివాళ్లకు, ‘ఈ వారం నాకు 48 దాటింది’ అని అనే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

సంఘం ఉన్నవాళ్లకూ గంటల గొడవ తీరలేదన్నది నిజం. 2025 ఫిబ్రవరిలో లోకో పైలట్లు దేశవ్యాప్తంగా 36 గంటల నిరాహార దీక్ష చేశారు. తిండికి, కాలకృత్యాలకు డ్యూటీలో నిర్ణీత విరామం ఇమ్మన్న కోరికను ఆచరణలో సాధ్యం కాదని రైల్వే బోర్డు తోసిపుచ్చింది. వందల మంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని గంటల తరబడి సిగ్నళ్ల మీద చూపు నిలిపే మనిషికి, అందులోనూ మహిళా లోకో పైలట్‌కు, పది నిమిషాలు దిగే వీలు ఇవ్వలేమనడం ఏ రకంగానూ సమర్థించుకోలేని మాట.

ఇక మే ఒకటిన కూడా సంచి భుజాన వేసుకుని బండి తీసే డెలివరీ కుర్రాళ్ల సంగతి. కంపెనీ వాళ్లను ‘పార్ట్‌నర్’ అంటుంది కాబట్టి సెలవు లేదు, పీఎఫ్ లేదు, ప్రమాదం జరిగితే అడిగే హక్కూ స్పష్టంగా లేదు. ఈ విషయంలో తెలంగాణ కొంత ముందడుగు వేసింది. 2023 డిసెంబర్‌లో గిగ్ కార్మికులకు రూ. 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025 ఏప్రిల్‌లో వాళ్ల నమోదు, సంక్షేమం కోసం బిల్లు ముసాయిదాను జనం ముందు పెట్టింది. 2025 డిసెంబర్ 31న, ఏడాదిలోనే ఆర్డర్లు ఎక్కువగా వచ్చే రోజున, పది నిమిషాల డెలివరీకి వ్యతిరేకంగా గిగ్ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె పిలుపులో హైదరాబాద్ సంఘానిది ముఖ్య పాత్ర. గేటే లేని పనిలో, యజమాని ముఖమే చూడని పనిలో సంఘం కట్టొచ్చని ఆ కుర్రాళ్లు చూపించారు. పాత సంఘాలు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

మే డే విదేశీ పండుగ, మనకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. భారతీయ మజ్దూర్ సంఘ్ మే 1కి బదులు సెప్టెంబర్ 17న విశ్వకర్మ జయంతిని జాతీయ కార్మిక దినంగా పాటిస్తుంది. పనిముట్టుకు దండం పెట్టుకునే ఆచారం తెలుగువాళ్లకు కొత్త కాదు. దసరాకు లాలాగూడలోనైనా, రాణీగంజ్‌లో లేత్ మిషన్ల ముందైనా ఆయుధ పూజ జరగాల్సిందే, గుమ్మడికాయ పగలాల్సిందే. ఆటో అద్దానికి బంతిపూల దండ పడాల్సిందే. ఆ పూజ పట్ల గౌరవం ఉన్నవాళ్లు మే డేను కాదనుకోవాల్సిన అవసరం కనబడదు. పూజ రోజు పనిముట్టును తలుచుకుంటాం, మే ఒకటిన దాన్ని పట్టుకున్న మనిషి ఎన్ని గంటలు నిలబడ్డాడో లెక్క అడుగుతాం. రెండూ కావాలి. పరాయి నేల అనే లెక్కే తీస్తే రైలు కూడా అక్కడిదే.

బలమైన అభ్యంతరం వేరొకటి. వలస కూలీ తక్కువకు పనిచేసి స్థానిక కూలీ పొట్ట కొడుతున్నాడని అడ్డా మీద నిలబడే మనవాళ్లు అంటారు. పొద్దున ఆరింటికి టిఫిన్ డబ్బాతో అడ్డాకు వచ్చి, పదయినా ఎవరూ పిలవక వెనక్కి నడిచే మనిషి కోపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ కూలి తక్కువకు ఒప్పుకునేది బిహార్ వాడన్న కారణానికి కాదు. అతనికి ఇక్కడి రేటు చెప్పినవాడు లేడు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చాడు, ఉండే చోటు కూడా ఆ మేస్త్రీ చేతిలోనే ఉంది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం దీనికి విరుగుడు ఎప్పుడో చెప్పింది. అదే పని చేసే స్థానికుడికంటే తక్కువ ఇవ్వకూడదు, రాకపోకల ఖర్చులు ఇవ్వాలి, తగిన వసతి చూపాలి. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు ఆ చట్టాన్ని తమలో కలిపేసుకున్నాయి. బోయిగూడలో గోదాం పైన పడుకున్న ఆ 11 మందికి ‘తగిన వసతి’ ఎవరు చూపాలి, ఎవరు తనిఖీ చేయాలి అన్న ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది, వీధిలో లేదు. వలస కూలీకి స్థానిక రేటు ఇప్పించడం ఒక్కటే స్థానిక కూలీ రేటును కాపాడుతుంది. అతన్ని తరిమేస్తే అంతకంటే నిస్సహాయుణ్ని మేస్త్రీ ఇంకో రైల్లో దింపుతాడు.

నిర్లక్ష్యం బోయిగూడతో ఆగలేదన్నది అన్నిటికంటే బాధించే విషయం. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. వాళ్లలోనూ చాలామంది వేరే రాష్ట్రాలవాళ్లే. రోజుల తరబడి కుటుంబాలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాయి, డీఎన్ఏ పరీక్షలు చేస్తేగానీ ఎవరెవరో తేలలేదు.

కార్మిక సమస్యలు అర్థంకాని ఊరు కాదు సికింద్రాబాద్. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య 1984లో ఇక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లి కేంద్రంలో కార్మిక శాఖ చూశారు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇక్కడి ఎంపీ బండారు దత్తాత్రేయకే అదే శాఖ దక్కింది. 1966లో పుట్టిన దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయమైన రైల్‌నిలయం ముందు జరిగిన ధర్నాలకు లెక్కలేదు. ఇంత అనుభవం ఉన్నచోట గోదాం పైన కూలీలు తలుపు వేసుకుని పడుకునే పరిస్థితి కొనసాగడం ఊరందరికీ తలవంపు.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. రైల్వే సంఘాలకు ఆఫీసులున్నాయి, మైకులున్నాయి, చందాలు వచ్చే సభ్యులున్నారు. హిందీ వాళ్లకు కొత్త కాదు, దేశమంతటి సంఘాల సమావేశాల్లో మాట్లాడేది ఆ భాషలోనే. షికాగోవాళ్లు జర్మన్‌లో వేసినట్టు ఇక్కడి సంఘాలు మే డే కరపత్రం హిందీలో, ఒడియాలో వేయాలి. పొద్దున తమ ఆఫీసు దగ్గర జెండా ఎగరేశాక, సాయంత్రం డ్యూటీలు దిగే వేళకు, బోయిగూడలో తుక్కు దుకాణాల మధ్య ఒక సభ పెట్టాలి. స్టేషన్ పనులు జరిగే చోటికి వెళ్లి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేర్లు ఎక్కించాలి. ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాడికి ఆ నమోదు హక్కు. ఆ బోర్డు డబ్బు కట్టడాల ఖర్చు మీద ఒక శాతం సెస్సుగా వసూలైనదే, అంటే ఆ కూలీల చెమట మీద వచ్చినదే.

కరపత్రంలో ఉపన్యాసం అక్కర్లేదు. నాలుగు విషయాలు రాస్తే చాలు. 1974 నాటి సెలవుల చట్టం కింద మే 1 వేతనంతో కూడిన సెలవనీ, ఆ రోజు పనిచేయించుకుంటే రెట్టింపు కూలి గానీ మరో రోజు సెలవు గానీ ఇవ్వాలనీ. పనిచేసే చోట నిద్రపోయే గది ఉంటే దానికి రెండో దారి ఉందో లేదో చూసుకోమనీ, లేకపోతే ఫలానా నంబరుకు ఫోన్ చేయమనీ. మేస్త్రీ కూలి ఎగ్గొడితే ఎవరి దగ్గరికి వెళ్లాలో. చివర్లో కార్మిక శాఖ అడ్రసు: టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్. అక్కడికి కూలీ ఒక్కడే వెళ్తే గేటు దగ్గరే ఆపుతారు. కాబట్టి వెంట వచ్చే సంఘం మనిషి ఫోన్ నంబరు కూడా అందులో అచ్చు వేయాలి, ఆ మనిషికి హిందీ వచ్చి ఉండాలి.